అగ్నివీర్ మెడికల్‌లో చెవి దగ్గర ఆగిపోయాను: మినహాయింపు ఉంటుందా?

ప్రశ్న: వశిష్ఠ గట్టు (రాజోలు దగ్గర)

అందరికీ నమస్కారం. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం, నా వయసు 20 ఏళ్లు. ఇంటర్మీడియట్ చదివే రోజుల నుంచి ఆర్మీ తప్ప మరో ఉద్యోగం గురించి నేను ఆలోచించలేదు. రెండేళ్లుగా తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి వశిష్ఠ ఏటిగట్టు మీద పరుగు తీస్తున్నాను. బీమ్ సాధన (కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగడం) కోసం మా దొడ్లో రెండు కొబ్బరి చెట్లకు అడ్డంగా ఇనుప గొట్టం కట్టుకున్నాను. ఈసారి అగ్నివీర్ ఆన్‌లైన్ రాతపరీక్ష గట్టెక్కాను. భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలోపే ముగించి మొదటి గ్రూపులో నిలిచాను, బీమ్ మీద పది లాగాను, తొమ్మిది అడుగుల గొయ్యి దూకాను, ఎత్తు, ఛాతీ కొలతల్లోనూ ఏ ఇబ్బందీ రాలేదు. మెడికల్‌లో మాత్రం చెవి దగ్గర ఆగిపోయాను.

డాక్టరు గారు కుడిచెవి చూసి వెంటనే వదిలేశారు. ఎడమచెవిలో లైటు పెట్టి చాలాసేపు చూశారు, చెవి డొప్పను వెనక్కీ పైకీ లాగి మళ్లీ చూశారు, పక్కనున్న మరో డాక్టరును పిలిచి చూపించారు. ఆ తర్వాత కాగితం మీద ఎడమ కర్ణభేరికి చిల్లు ఉన్నదని, అందువల్ల అన్‌ఫిట్ అని రాసి, సమ్మతమైతే సికింద్రాబాద్ మిలిటరీ ఆసుపత్రిలో ఈఎన్‌టీ నిపుణుల వద్ద రివ్యూకు వెళ్లవచ్చని చీటీ ఇచ్చారు. వెళ్లవలసిన గడువు ఆ చీటీ మీదే ఉన్నది.

దాచవలసినది ఏమీ లేదు కనుక పాత సంగతి కూడా చెబుతాను. నాకు పదేళ్లప్పుడు, జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలిన వెంటనే లాకుల దగ్గర వంతెన మీదనుంచి దూకి ఈదేవాళ్లం. అప్పుడు వరుసగా రెండు వర్షాకాలాలు ఎడమచెవి కారింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చుక్కల మందుతో తగ్గింది. ఎనిమిదో తరగతి తర్వాత నొప్పి గానీ చీము గానీ మళ్లీ రాలేదు, వినికిడి కూడా బాగానే ఉన్నది.

ర్యాలీ నుంచి వచ్చాక ఇద్దరు ప్రైవేటు డాక్టర్లకు చూపించాను. ఒకరు చిల్లు లేదు, మానిన మచ్చ మాత్రమే అన్నారు. మరొక ఆసుపత్రిలో టార్చిలైటుతో రెండు నిమిషాలు చూసి, చిల్లు ఉన్నది, ఈ వారంలోనే ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

అమెరికాలో ఉన్న మా పెదనాన్న గారి అబ్బాయి, అక్కడి సైన్యంలో ఇలాంటి లోపాలకు వైద్య మినహాయింపు అడిగే వీలున్నదని, దానికి నెలల తరబడి ఎదురుచూస్తారని చెప్పాడు. మన ఆర్మీలో అటువంటిది ఉన్నదా? ఉంటే ఎవరికి రాసుకోవాలి? రివ్యూకు ముందే ఆపరేషన్ చేయించుకోవడం మంచిదా? ఇంకొక సంగతి రాయడానికి బాధగా ఉన్నది. మూడు లక్షలు ఇస్తే రివ్యూలో ఫిట్ చేయిస్తానని ఒక మనిషి మా నాన్నగారి దగ్గరకు వచ్చాడు. అరెకరం కొబ్బరితోట తాకట్టు పెడదామని నాన్నగారు అంటున్నారు. పుట్టినతేదీ లెక్కన నాకు మిగిలింది మరొక్క అవకాశమే. దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు: మాజీ హవల్దార్, ఆర్టిలరీ (తాడేపల్లిగూడెం దగ్గర)

బాబూ, మాది మాధవరం. మిలిటరీ మాధవరం అంటే నీకు ఊరు తెలిసే ఉంటుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మా ఊరి మనుషులు వెళ్లారు, ఇప్పటికీ సెలవుల మీద వచ్చే కుర్రాళ్లు వీధిలో కనిపిస్తూనే ఉంటారు. మెడికల్‌లో ఆగి, రివ్యూకు వెళ్లి, నెగ్గి వచ్చినవాళ్లనూ నెగ్గలేక తిరిగి వచ్చినవాళ్లనూ నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

మొదట ఒక మాట సరిచేసుకో. నీ చేతిలో ఉన్నది మినహాయింపు దరఖాస్తు కాదు, రివ్యూ చీటీ. మినహాయింపు అంటే లోపం ఉన్నదని ఒప్పుకుని, అయినా తీసుకొమ్మని అడగడం. రివ్యూ అంటే లోపం నిజంగా ఉన్నదా లేదా అని ఆ విషయంలో నిపుణుడైన డాక్టరు మళ్లీ చూడటం. మన దగ్గర సడలింపులు లేకపోలేదు. సైనికుల, మాజీ సైనికుల కొడుకులకు ఎత్తులో 2 సెంటీమీటర్లు, ఛాతీలో 1 సెంటీమీటరు, బరువులో 2 కిలోలు తగ్గిస్తారు. అవి కొలతలకు సంబంధించినవి, నోటిఫికేషన్‌లోనే అచ్చువేసి ఉంటాయి. చెవికి, కంటికి, గుండెకు అలా అర్జీ పెట్టుకుని తెచ్చుకునే సడలింపు సిపాయి భర్తీలో ఉండదు. కాబట్టి ఎవరికి రాసుకోవాలా అని వెతుకుతూ రోజులు పోగొట్టుకోకు. నీ రోజులన్నీ ఆ చీటీ మీద ఉన్న గడువులోనే ఉన్నాయి.

గడువు చివరి రోజు దాకా ఆగకుండా ముందే వెళ్లు. అడ్మిట్ కార్డు, రిఫరల్ చీటీ, ఆధార్, ఫోటోలు ఒకే కవరులో పెట్టుకో, చీటీకి రెండు జెరాక్సులు తీయించు. ఆసుపత్రి గేటు దగ్గర వరుసలో నిలబడవలసి వస్తుంది కనుక పొద్దున్నే చేరుకో. అక్కడ ఆ ఒక్క రోజులోనే పని అవుతుందని అనుకోవద్దు, ఇంకొక రోజు ఉండటానికి డబ్బు చూసుకుని వెళ్లు. ఫిట్ అయితే ఉద్యోగం వచ్చినట్టు కాదు, నీ రాతపరీక్ష, పరుగు, బీమ్ మార్కులు కలిపి మెరిట్ లెక్కలోకి నీ పేరు వెళుతుంది, అంతవరకే.

చెవి విషయంలో ఆర్మీ ఎందుకంత పట్టుదలగా ఉంటుందో నా చెవే చెబుతుంది. నేను 24 ఏళ్లు ఫిరంగి దళంలో పనిచేశాను. 105 మిల్లీమీటర్ల ఫీల్డ్ గన్ పక్కన నిలబడినప్పుడు చెవుల్లో దూది ఉన్నా ఆ దెబ్బ దవడల దాకా తెలుస్తుంది. నాకు నిండు ఆరోగ్యంతో ఉన్న చెవులు ఉండేవి, ఈరోజు కుడిపక్క ఎవరైనా మెల్లగా పిలిస్తే నాకు వినిపించదు. చిల్లు ఉన్న చెవితో వచ్చిన కుర్రవాడి పరిస్థితి ఏమవుతుందో నువ్వే ఆలోచించు. డాక్టరు నిన్ను ఆపింది నీ మీద కోపంతో కాదు.

జవాబు: ఈఎన్‌టీ వైద్యురాలు (కాకినాడ)

హవల్దార్ గారు చెప్పిన క్రమం సరైనది. నేను చెవి గురించి మాత్రమే రాస్తాను, ఎందుకంటే ఈ అబ్బాయి ప్రశ్నలో అసలు ముడి అక్కడే ఉన్నది. ఒకరు చిల్లు ఉన్నదనీ ఇంకొకరు లేదనీ చెప్పినంత మాత్రాన ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడారని అనుకోనవసరం లేదు.

కర్ణభేరికి మూడు పొరలు ఉంటాయి. బయటిది చర్మం పొర, లోపలిది తడిగా ఉండే మ్యూకస్ పొర, ఆ రెండింటికీ నడుమ బలాన్నిచ్చే నారపొర. చిన్నతనంలో చెవి కారి చిల్లు పడి, తర్వాత దానంతట అదే మానినప్పుడు, సాధారణంగా బయటి పొర, లోపలి పొర వచ్చి కలుసుకుంటాయి గానీ నడుమ ఉండే నారపొర తిరిగి పెరగదు. అందువల్ల ఆ చోట ఉల్లిపొరంత పలుచని, పారదర్శకమైన తెర మిగులుతుంది. మామూలు లైటుతో చూసినప్పుడు ఆ తెర కనబడకుండా దాని వెనకనున్న మధ్యచెవి గోడే కనబడుతుంది. చూసేవారికి అది అచ్చం చిల్లులాగే ఉంటుంది. వందల మందిని వరుసగా చూసే ర్యాలీలో ఆ డాక్టరు అనుమానం వచ్చినప్పుడు ఆపి, నిపుణుల దగ్గరకు పంపడం న్యాయమైన పని. రివ్యూ ఉన్నది అందుకే.

ఈ తేడా తేల్చడానికి మా దగ్గర సాధనాలు ఉన్నాయి. భూతద్దం బిగించి, రబ్బరు బుడ్డి తగిలించిన చిన్న గరాటు వంటి పరికరాన్ని చెవిలో గాలి చొరకుండా అమర్చి బుడ్డిని మెల్లగా నొక్కితే, పలుచని తెర ఉంటే అది లోపలికీ బయటికీ ఊగుతుంది, చిల్లు ఉంటే ఊగడానికి అక్కడ ఏమీ ఉండదు. మైక్రోస్కోప్ కింద చూస్తే తెర అంచులు మెరుస్తూ కనబడతాయి. టింపనోమెట్రీ అనే పరీక్షలో చెవిలోకి గాలి ఒత్తిడి పెట్టి గీత తీస్తారు. కర్ణభేరి పూర్తిగా ఉండి మధ్యచెవిలో గాలి సరిగా ఉంటే ఆ గీతకు ఒక శిఖరం వస్తుంది, చిల్లు ఉంటే గీత చదునుగా ఉండి, చెవిలోని ఖాళీ మామూలు కంటే ఎక్కువగా నమోదవుతుంది. టార్చిలైటుతో రెండు నిమిషాలు చూసి ఈ వారంలో ఆపరేషన్ అనడం తొందరపాటు అని నా అభిప్రాయం.

బాబూ, నువ్వు ఇప్పుడు చేయవలసిన పని ఇది. గడువులోపు ఏదైనా బోధనాసుపత్రి ఈఎన్‌టీ విభాగానికి వెళ్లి మైక్రోస్కోప్ కింద చూపించుకో, టింపనోమెట్రీ, వినికిడి పరీక్ష చేయించుకో. ఆ కాగితాలను వెంట తీసుకువెళ్లు. అయితే బయటి డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌ను చూసి మిలిటరీ ఆసుపత్రి తీర్పు మార్చదు, వారు తమ కళ్లతో చూసిందే రాస్తారు. ఆ పరీక్షలు నీకు నిజం తెలియడానికి, నీ మనసు కుదుటపడటానికి. అడిగితే చిన్నప్పుడు చెవి కారిందన్న సంగతి దాచకుండా చెప్పు.

బాగా వినబడుతోంది కదా అన్న ధైర్యం ఒక్కటే చాలదు, చిన్న చిల్లు ఉన్నా వినికిడి దాదాపు మామూలుగానే ఉండవచ్చు. మిలిటరీ వైద్యులు అభ్యర్థిని 610 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఇరవై అడుగుల్లో, వీపు తిప్పి నిలబెట్టి, ఒక్కొక్క చెవినీ విడివిడిగా గుసగుసతో పరీక్షిస్తారు. ఇంట్లో అదే దూరంలో మీ అక్కనో అమ్మనో నిలబెట్టి చేసి చూడు, నీకే తెలుస్తుంది.

రివ్యూకు ముందు ఆపరేషన్ మాత్రం వద్దు. చిల్లు ఉంటే చెవి పైభాగంలో కణతి కండరం మీదుండే పలుచని పొరను తీసి కర్ణభేరికి అతుకు వేస్తాము. ఆ అతుకు నిలదొక్కుకోవడానికి వారాలు పడుతుంది. పచ్చి అతుకుతో వెళ్లినవాడిని ఏ నిపుణుడూ ఫిట్ అనలేడు. చిల్లు ఉన్నదని రివ్యూలో తేలితే, అప్పుడు నిదానంగా చేయించుకుని, పూర్తిగా మానిన తర్వాత మరుసటి నోటిఫికేషన్‌కు వెళ్లే దారి ఉన్నది.

చివరిగా, రివ్యూ అయ్యేవరకు చెవిలో నూనె, పుల్ల, కోడి ఈక, ఇంటి వైద్యం ఏదీ పెట్టవద్దు. తలస్నానం చేసేటప్పుడు దూదికి వాజలీన్ రాసి చెవికి అడ్డం పెట్టుకో, కాలువలో ఈతకు దిగకు. గులిమి ఉంటే డాక్టరు చేత తీయించుకో. కర్ణభేరి కనబడకుండా గులిమి అడ్డుపడి ఆగిపోయినవారు కూడా ఎందరో మా దగ్గరకు వస్తారు.

జవాబు: భీమవరం నుంచి డాలస్

అమెరికా సంగతి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మా దగ్గరి బంధువుల అబ్బాయి ఇక్కడ సైన్యంలో చేరేటప్పుడు మేము ఈ ఎదురుచూపు అనుభవించాము. ఇక్కడ సాధారణంగా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారే చేరగలరు. మెప్స్ అనే కేంద్రంలో వైద్య పరీక్ష జరుగుతుంది. అక్కడి డాక్టరు అనర్హత అని రాస్తారు గానీ మినహాయింపు ఇచ్చే అధికారం ఆయనకు ఉండదు. ఆ ఫైలును రిక్రూటర్ పైకి పంపితే, ఆయా దళపు వైద్య అధికారులు పాత చికిత్స కాగితాలన్నీ చదివి, లోపం ఉన్నా సేవకు అడ్డు కాదని తోస్తే మినహాయింపు ఇస్తారు. 2022 నుంచి అభ్యర్థుల పాత వైద్య రికార్డులు కంప్యూటర్లోనే వారికి కనబడే ఏర్పాటు రావడంతో, చిన్నతనపు ఆస్తమా మందుల వంటివి కూడా బయటపడి ఎదురుచూపులు పెరిగాయి. మా వాడు ఎన్నో వారాలు ఫోను పట్టుకునే కూర్చున్నాడు, చేయగలిగింది ఏమీ లేదు. తమ్ముడూ, నీకు వెళ్లవలసిన చోటు, చూసే డాక్టరు, తేదీ ఉన్నాయి. ఆ పద్ధతిని ఈ పద్ధతితో పోల్చుకుని మనసు పాడు చేసుకోవద్దు.

జవాబు: పాలకొల్లు గృహిణి

తమ్ముడూ, నేను మీ నాన్నగారి కోసం రాస్తున్నాను, ఈ జవాబు ఆయనకు చదివి వినిపించు. మా మరిది రివ్యూకు వెళ్లే ముందు ఇలాగే ఒక మనిషి మా ఇంటికి వచ్చాడు. నోరు తెరిస్తే పెద్ద పెద్ద అధికారుల పేర్లు చెప్పేవాడు, ఫోనులో ఎవరితోనో హిందీలో మాట్లాడి చూపించాడు. మా అత్తగారు నాలుగు పేటల గొలుసు తాకట్టు పెట్టి లక్షన్నర ముందుగా ఇచ్చారు. మరిది ఫిట్ అయ్యాడు. తన చెవులూ కళ్లూ బాగున్నాయి కాబట్టే అయ్యాడు, అయినా ఆ మనిషి నా వల్లనే అయ్యిందని మిగతా సొమ్ము కోసం గుమ్మంలో కూర్చున్నాడు. అదే ఊళ్లో ఇంకొక అబ్బాయి అన్‌ఫిట్ అయితే, డబ్బు తిరిగి అడిగిన రోజు నుంచి ఆ మనిషి ఫోను ఎత్తలేదు. వాళ్ల వ్యాపారం ఇదే. పది మంది దగ్గర తీసుకుంటారు, తమంతట తాము నెగ్గినవాళ్ల డబ్బు ఉంచుకుంటారు. దళారులను నమ్మవద్దని ఆర్మీ ప్రతి నోటిఫికేషన్‌లోనూ రాస్తుంది. ఇచ్చినట్టు బయటపడితే అబ్బాయి మీదే కేసు వచ్చి, ఉన్న అవకాశం కూడా పోతుంది. ఆ కొబ్బరితోటను కదిలించవద్దని చెప్పు.

జవాబు: గౌతమి గట్టు కోచ్ (ముక్తేశ్వరం)

నేను రెండుసార్లు ర్యాలీ పరుగు మొదటి గ్రూపులో ముగించి, రంగుల పరీక్షలో ఆగినవాడిని. చుక్కల పుస్తకంలో అందరికీ కనబడే అంకె నాకు కనబడలేదు. రెండోసారి రివ్యూకు వెళ్లాను, డాక్టరు గారు ఎంతో ఓపికగా పుస్తకమంతా తిప్పించి, ఇది పుట్టుకతో వచ్చినదని, దీనికి మందు గానీ ఆపరేషన్ గానీ లేదని చెప్పి కాగితం మీద రాసి ఇచ్చారు. తిరుగు రైలులో నాకు తిండి సహించలేదు. నీ చెవి అలాంటిది కాదు తమ్ముడూ. మానిన మచ్చ అయితే ఈసారే దారి ఉన్నది, చిల్లు అయితే చికిత్స ఉన్నది.

ఇప్పుడు నేను ఇక్కడ కుర్రాళ్లకు ఉచితంగా పరుగు నేర్పిస్తున్నాను. గట్టు మీద మొదటి రోజు పరుగు పెట్టించను, ముందు కళ్లు, చెవులు, పళ్లు, కాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని రమ్మంటాను. పళ్లను లెక్కగట్టి డాక్టర్లు వేసే పాయింట్లు కనీసం 14 ఉండాలని చాలామందికి ర్యాలీ దాకా తెలియనే తెలియదు. మన డెల్టాలో ఫైలేరియా ఎన్నో తరాలుగా ఉన్నది, ఇంటింటికీ మాత్రలు పంచి మింగించిన ప్రాంతం మనది. దానివల్ల వచ్చే వరిబీజాన్ని సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పకుండా దాచుకుని, రెండేళ్లు పరుగెత్తి, మెడికల్‌లో బట్టలు విప్పమన్నప్పుడు బయటపడి ఏడ్చిన పిల్లలను నేను చూశాను. ముందే చెప్పి ఉంటే ఆపరేషన్ చేయించుకుని, మానిన తర్వాత ర్యాలీకి వెళ్లేవారు. ఇక్కడ ఇది చదివే కుర్రాళ్లందరికీ ఈ మాట చెబుతున్నాను.

ప్రశ్న అడిగినవారి మాట: వశిష్ఠ గట్టు

జవాబు రాసిన పెద్దలందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మేడమ్ గారు చెప్పినట్టే నిన్న ఒక బోధనాసుపత్రిలో మైక్రోస్కోప్ కింద చూపించుకున్నాను. అక్కడి డాక్టరు గారు నా కర్ణభేరిని కంప్యూటరు మీద నాకే చూపించారు. కర్ణభేరిలో ఒక మూల గోరంత చోట పలుచగా, లోపలి గోడ కనబడేటట్టు ఉన్నది, బుడ్డి నొక్కినప్పుడు అది పొంగి మళ్లీ లోపలికి వెళ్లడం నా కళ్లతో చూశాను. టింపనోమెట్రీ గీతకు శిఖరం వచ్చింది. అయినా తీర్పు సికింద్రాబాద్‌లోనే అని నాకు అర్థమైంది. అక్కడ ఏం రాస్తే దానికి కట్టుబడతాను.

పాలకొల్లు అక్క గారి జవాబు నాన్నగారికి రెండుసార్లు చదివి వినిపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు గానీ, సాయంత్రం ఆ మనిషికి ఫోను చేసి రావద్దని చెప్పారు. తోట పట్టా పుస్తకం మళ్లీ బీరువాలో పెట్టారు.

గడువుకు నాలుగు రోజులు ముందే బయలుదేరుతున్నాను. సఖినేటిపల్లిలో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం చేరి, అక్కడ రాత్రి రైలు ఎక్కుతాను, నాన్నగారు కూడా వస్తున్నారు. నిన్న రాత్రి ఇరవై అడుగులు కొలిచి, వరండా చివర గోడకు ముఖం పెట్టి నిలబడి, కుడిచెవి వేలితో మూసుకున్నాను. అమ్మ అవతలి చివర నుంచి గుసగుసగా వరుసగా అంకెలు చెప్పింది, పదిలో పదీ తిరిగి చెప్పాను. మా నాయనమ్మ నా కోసం వెల్లుల్లి వేసి కాచిన కొబ్బరినూనె గిన్నె పట్టుకుని కూర్చుని ఉన్నది. చెవిలో వద్దని డాక్టరమ్మ గారు చెప్పారని అంటే, ఆ నూనెను నా పాదాలకు రాసింది.